ఎవురూ తొంగి చూడని నోరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నోరున్నోళ్లకు కొదవ లేదు. మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, గొంతు ఎత్తితే పక్క ఊరి పొలిమేర దాకా వినపడేది. అంతంత నోళ్లు ఉన్న ఇంట్లో నా నోట్లోకి ఒక్కసారి తొంగి చూసినోళ్లు మాత్రం లేకపోయినారు. ముసలిదానివి, పాతకాలం సంగతులు నవ్వుతా చెప్పరాదా అంటాది మా కోడలు. నవ్వు వచ్చే సంగతులు శానా ఉండాయి. ఇది మాత్రం అట్లాంటిది కాదు. డెబ్బై దాటినా దీన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతాది. అందుకని కోపంగానే చెప్తాను.

మాది పాకాల నుంచి చిత్తూరుకు పోయే దారిలో ఒక చిన్న పల్లె. చెరుకు మీద బతికే ఊరు. చలికాలం వచ్చిందంటే మా చేని గట్టున గానుగ దిగేది. ఒక పక్క చెరుకు ఆడతా ఉంటే, ఇంకో పక్క పెద్ద పెనంలో రసం కాగతా ఉండేది. పిల్లలకు ఆ నెలలన్నీ పండగే. బడి వదిలిపెట్టినారంటే నేరుగా గానుగ కాడికే. పెనం అంచున అంటుకున్న పాకం గీక్కోని తినేది, వేడి బెల్లం ఉండలు చేసి బుగ్గన పెట్టుకునేది. నేనైతే రాత్రి పడుకునేటప్పుడు గూడా బుగ్గన ఒక ముక్క పెట్టుకోనే నిద్రపోయేదాన్ని. పొద్దున లేస్తే వేలి మీద ఇంత బూడిద వేసుకోని ముందర పండ్లు నాలుగు రుద్దుకోని, పుక్కిలించి ఊసేసి పరిగెత్తేది. వెనక పండ్లకు తోమడం అనేదొకటి ఉంటాదని గూడా నాకు తెలీదు. తెలియజెప్పాల్సిన అమ్మేమో కోడి కూయకముందే గానుగ కూలోళ్లకు సంగటి కెలకతా పొయ్యి కాడ ఉండేది. చంకలో పాలు మానని తమ్ముడు.

అట్ల కొన్నాళ్లు గడిచేసరికి నా చిగుర్లు ఎర్రగా ఉబ్బినాయి. వేలు తగిలితే సుర్రుమనేది. ఒక పొద్దున పెరట్లో నీళ్లతొట్టి కాడ మొగం కడుక్కోని ఊస్తే ఉమ్మిలో నెత్తురు పడింది. నాకు పెద్దగా భయం గూడా వేయలేదు. బర్రెను విప్పను వచ్చిన మా అవ్వ అది చూసింది. చూసిన మనిషి దగ్గరికి వచ్చి, ఏమైంది బిడ్డా, యాడ కొట్టుకున్నావు అని అడగాల గదా? అడగలేదు. నాలుగడుగులు వెనక్కి వేసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని, "ఓరి దేవుడా, వాళ్ల మేనమామ రోగమే వచ్చింది దీనికి" అని కేక పెట్టింది.

ఆ మేనమామ సంగతి చెప్పాల. మా అమ్మకు ఒకే ఒక తమ్ముడు. నేను పుట్టకముందే టీబీ వచ్చి, మదనపల్లె కాడ టీబీ ఆస్పత్రిలో కొన్నాళ్లుండి, అక్కడే పోయినాడు. ఈ కాలం వాళ్లకు మదనపల్లె అంటే టమోటాల మండీ గుర్తొస్తాది. అప్పుట్లో మా జిల్లాలో మదనపల్లెకు తీసకపోయినారు అంటే చాలు, ఏం రోగమని ఎవురూ అడిగేవాళ్లు కాదు. ఉమ్మిలో నెత్తురు పడితే అది టీబీనే. ఇంగో మాట లేదు. నాకు దగ్గు లేదు, జొరం లేదు. గుర్రంపిల్ల మాదిరి చేలెంబడి ఎగరతా ఉన్నాను. అయినా ఆ పూట పొయ్యి ఆరకముందే నాకు టీబీ అని ఊరంతా తెలిసిపోయింది. కుక్కను చంపాలంటే పిచ్చిదని పేరు పెడితే చాలు అంటారే, సరిగ్గా అదే జరిగింది నాకు.

ఆ మధ్యాన్నం నుంచి నా గిన్నె, నా చెంబు పశువుల కొట్టంలోకి పోయినాయి. నన్ను గూడా ఆడనే పడుకోమన్నారు. తమ్ముణ్ణి ముట్టుకోకూడదు. బడి లేదు. గానుగ కాడికి పోతే కూలోళ్లు గూడా పక్కకు జరిగేవాళ్లు. ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకోటి ఉండాది, దాన్ని తలుచుకుంటేనే నాకు ఎక్కువ కోపం. నెత్తురు కారతా ఉండాది కాబట్టి నేను పండ్లు తోమకూడదని మా అవ్వ ఆర్డరు వేసింది. తోమితే లోపలి నెత్తురంతా బయటికి వచ్చేస్తాదంట. ముందే సగం సగం తోమేదాన్ని, అదీ ఆపేసినాను. పాచి మీద పాచి పేరుకోని చిగుర్లు ఇంగా వాచినాయి. రొట్టె కొరికినా నెత్తురే, చెరుకు నమిలినా నెత్తురే. అది చూసి మా అవ్వ, "చూసినారా, నేను చెప్పలా, రోగం ముదరతా ఉండాది" అని వచ్చినోళ్లకు పోయినోళ్లకు చూపించేది. రోగాన్ని ముదరబెట్టింది తనే, ముదిరిందని సాక్ష్యం చెప్పిందీ తనే. ఇట్లాంటి న్యాయం ఏ కోర్టులో అన్నా ఉండాదా?

అయినా నన్ను కొట్టంలో పెట్టిందానికి కాదు నేను ఇన్నేండ్లు రగిలిపోయింది. ఈ రోగం మా ఇంటిది కాదు, కోడలు పుట్టింటి నుంచి మోసుకొచ్చింది అని మా అవ్వ మొదలుపెట్టింది. గానుగ పని అయిపోతానే తల్లినీ కూతుర్నీ పుత్తూరు పక్కన ఉన్న అమ్మ పుట్టింటికి పంపించెయ్యాలని తీర్మానం చేసింది. మమ్మల్ని ఇద్దరినే. తమ్ముణ్ణి పంపరంట. మగబిడ్డ, వంశం నిలబెట్టేవాడు, వాడు ఈడనే ఉంటాడు, బర్రెపాలు తాపి సాకుతాము అన్నారు. ఇంగా రొమ్ము వదలని పసివాణ్ణి తల్లి కాడినుంచి లాక్కునేదానికి వాళ్లకు నా ఉమ్మి ఒకటి దొరికింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాదని అమ్మకు తెలుసు. వాణ్ణి మాత్రం చంక దించేది కాదు. సంగటి కెలికేటప్పుడు గూడా ఒక చేత్తో వాణ్ణి పట్టుకోనే కెలికేది.

మా నాయనా? మా నాయన మంచోడు. ఊర్లో అందరూ ఆ మాటే అంటారు. తాగడు, చెయ్యెత్తడు, ఒకరి జోలికి పోడు. ఆ దినాల్లో ఆయన పెనం కింద మంట చూసుకుంటా, చెరుకు పిప్పి ఎగదోస్తా కూర్చున్నాడు. తల్లి అరుస్తా ఉంటే మంట వైపు చూసేవాడు, పెండ్లాం వచ్చి ఎదురుగా నిలబడితే గూడా మంట వైపే చూసేవాడు.

అమ్మకు మిగిలింది వాళ్లక్క ఒకటే. మా పెద్దమ్మ చిత్తూరులో గవర్మెంటు ఆస్పత్రిలో నర్సు పని చేసేది. అమ్మ రోడ్డు మీదికి పోయి, తెలిసిన బస్సు కండక్టరును పట్టుకోని, బిడ్డకు టీబీ అంటా ఉండారు, ఒక్కసారి రమ్మని కబురు పెట్టింది. మరుసటి దినమే వచ్చేసింది. తెల్లచీర గూడా మార్చుకోకుండా డ్యూటీ దిగి దిగినట్టే బస్సు ఎక్కిందంట. గాలివాన మాదిరి గానుగ కాడికి వచ్చి, నన్ను కొట్టంలో నుంచి చెయ్యి పట్టుకోని బయటికి లాక్కొచ్చి, కూలోళ్లందరి ముందర నిలబెట్టింది.

"ఎవురు సెప్పినారు ఈ బిడ్డకు టీబీ అని?"

"నోట్లో నెత్తురు పడతా ఉంటే ఇంగెవురు సెప్పాలమ్మా?" అనింది మా అవ్వ.

"నోరు తెరిపించి సూసినారా?"

కూలోళ్లు మా అవ్వ వైపు తిరిగినారు. పెద్దమ్మ నేరుగా పనిలోకి దిగింది. ముందు నన్ను నీళ్లతో బాగా పుక్కిలించమనింది. తర్వాత గట్టిగా దగ్గి, తన సంచిలో నుంచి తీసిన తెల్లగుడ్డ మీద ఊయమనింది. ఊసినాను. గుడ్డ మీద ఒక్క చుక్క నెత్తురు లేదు. దాన్ని మా అవ్వ మొగం ముందర పరిచి చూపించింది. ఆ తర్వాత ఇంకో గుడ్డముక్క వేలికి చుట్టుకోని, నా నోరు తెరిపించి, వెనక పండ్ల చిగుర్ల మీద మెల్లిగా అదిమింది. గుడ్డ ఎర్రగా వచ్చింది. దగ్గు లేదు, జొరం లేదు, ఎదలో ఏమీ లేదు, పండ్లకు పాచి పట్టి చిగుర్లు వాచినాయి, అంతే అని చెప్పింది.

మా అవ్వ అంత సులభంగా ఒప్పుకునే మనిషి కాదు. ఆస్పత్రోళ్లు ఏదైనా చెప్తారని మూతి తిప్పింది. అప్పుడు పెద్దమ్మ కొత్త గుడ్డముక్క ఒకటి తీసి వేలికి చుట్టుకోని, "అత్తా, నువ్వు గూడా ఒక్కసారి నోరు తెరువు" అనింది. నాకేం రోగమే, నేను రాయి మాదిరి ఉండాను అని మా అవ్వ నవ్వింది. కూలోళ్లందరూ చూస్తా ఉంటే తెరవకుండా ఉండలేకపోయింది. ఆమెకు దినామూ ముక్కుపొడి చిగుర్లకు రుద్దుకునే అలవాటు. పెద్దమ్మ అట్ల అదిమి ఇట్ల తీసింది. గుడ్డ నల్లగా, ఆ నల్లదనం చుట్టూ ఎర్రగా వచ్చింది. నాకు వచ్చినదానికన్నా రెట్టింపు.

"అయితే నీకూ టీబీనే అత్తా. నీ గిన్నె గూడా కొట్టంలో పెట్టించేదా?"

గానుగ తోలేవాడు నవ్వు ఆపుకోలేక చెరుకు గడలు కింద పడేసినాడు. మా అవ్వ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతలో పెద్దమ్మ గొంతు మారింది. మా మేనమామ సంగతి ఎత్తి, మా తమ్ముడు పోయింది రోగం ఒక్కదానితోనే కాదు అనింది. రోగమని తెలిసినాక ఎవురూ దగ్గరికి రాకపోతే, ఆస్పత్రికి పోయేదానికి గూడా సిగ్గుపడి ఇంట్లో దాక్కున్నాడు, ముదిరినాక తీసకపోయినాము అనింది. "ఒకవేళ ఈ బిడ్డకు నిజంగానే టీబీ వచ్చి ఉన్నా మందుండాది. గొడ్ల మధ్య తోసేస్తారా, మనుషులేనా మీరు?" అని మా నాయన వైపు తిరిగి అరిచింది. ఆయన పిప్పి ఎగదోసినాడు.

చివరికి మా అవ్వ ఒక మాటకు దిగింది. సరే, గానుగ ఎత్తేదాకా చూస్తాము, అప్పుటికీ నెత్తురు ఆగకపోతే నా మాటే మాట, తల్లీ బిడ్డా బస్సెక్కాల, పిల్లోడు ఈడ ఉండాల అనింది. అంటే అమ్మ బతుకంతా నా చిగుర్ల మీద పెట్టింది.

పెద్దమ్మ చిత్తూరుకు పోయి, మరుసటి దినం ఒక మెత్తటి బ్రష్షూ పేస్టూ తీసుకోని మళ్లా వచ్చింది. పోయే ముందర అమ్మకు అన్నీ చూపించింది. బ్రష్షును పండు మీద కాకుండా, పండూ చిగురూ కలిసేచోట ఏటవాలుగా పెట్టి, మెత్తగా చిన్న చిన్న సుడులు తిప్పాల. లోపలి పక్క, వెనక పండ్లు ఏవీ వదలకూడదు. పొద్దున ఒకసారి, పడుకునే ముందర ఒకసారి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించాల. పడుకునేటప్పుడు బుగ్గన బెల్లం పెట్టుకుంటే వీపు పగలగొడతానని నాకు చెప్పింది. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటుండాది. నెత్తురు వచ్చే చోటు వదిలేసి తోమొద్దు, ఆ చోటే తోమాల, మొదట్లో ఇంగా ఎక్కువ వచ్చినట్టు కనపడతాది, భయపడి ఆపితే మొదటికొస్తాది. తోమతా ఉన్నా ఆగకపోతే, పండ్లు కదిలితే, జొరమొస్తే మాత్రం ఇంట్లో పెట్టుకోకుండా నా కాడికి తీసుకురా, పండ్ల డాక్టరుకు చూపిద్దాము అనింది.

చెప్పి పోవడం సులభం. ఆమె బస్సెక్కినాక మొదలైంది అసలు యుద్ధం. నెత్తురు కారే చోట బ్రష్షు పెడితే ఎట్లుంటాదో అనుభవించినోళ్లకే తెలుస్తాది. నేను కాళ్లు కొట్టుకునేదాన్ని. ఒకసారి కోపంతో అమ్మ వేలు కొరికేసినాను. ఆమె వేలు తీయలేదు, తోమడం ఆపలేదు, "కొరుక్కో, నోరు మాత్రం మూయొద్దు" అనింది. నురగ ఎర్రగా పడేది. దాన్ని చూసేదానికే మా అవ్వ పొద్దున్నే తొట్టి కాడికి వచ్చి కూర్చునేది. బిడ్డ నెత్తురు తోడేస్తా ఉండాది, దీని చెయ్యి పడిపోను, తల్లి కాదు దెయ్యం అని శాపనార్థాలు పెట్టేది. అమ్మలక్కలు దడి మీదుగా తొంగి చూసి అయ్యో అయ్యో అనేవాళ్లు. అంతమంది మధ్యలో, తన చేత్తోనే తన బిడ్డ నోట్లో నెత్తురు తెప్పిస్తా, ఇదే మంచిదని నమ్మి నిలబడేదానికి ఎంత గుండె ఉండాల! అమ్మ ఒక్క పూట ఆపలేదు.

చేలో చెరుకు తరిగిపోతా వచ్చింది. కోసేదానికి ఇంగా ఎన్ని సాళ్లు మిగిలినాయని అమ్మ పొద్దు వాలితే గట్టు మీద నిలబడి చూసేది. నాకు గూడా భయం పట్టుకుంది. ఎవురూ చెప్పకుండానే నేనే వెనక పండ్లు తోముకోవడం మొదలుపెట్టినాను. మెల్లిమెల్లిగా ఎరుపు తగ్గింది. చిగుర్లు గట్టిపడినాయి, వేలు తగిలినా సుర్రుమనడం మానింది. గానుగోళ్లు సామాన్లు విప్పతా ఉన్నారు అనంగా ఒక పొద్దున నేను ఊసిన నురగ తెల్లగా పడింది. అమ్మ దాన్ని చూసి, మళ్లా తోమి, మళ్లా ఊయమనింది. తెల్లగానే ఉండింది. మా అవ్వను పిలిచి చూపిస్తాదేమో, నాలుగు కడిగేస్తాదేమో అని నేను ఎదురు చూసినాను. అమ్మ ఆ తొట్టి పక్కనున్న రాతి మీదనే కూర్చోని తమ్మునికి పాలిచ్చింది. వాడు తాగేంతసేపూ ఏడస్తానే ఉండింది.

మా అవ్వ ఏమనిందో తెలుసా? నేను గంగమ్మకు మొక్కుకున్నాను, ఆ తల్లే కాపాడింది అని ఊరంతా చెప్పుకోని పొంగళ్లు పెట్టింది. గంగమ్మ మీద నాకేం కోపం లేదు, ఆ పొంగలి నేనూ తిన్నాను. కానీ కొరికించుకున్న వేలు అమ్మది, శాపనార్థాలు పడింది అమ్మ, పేరు మాత్రం మొక్కుకు పోయింది. నన్ను కొట్టంలో నుంచి ఇంట్లోకి రమ్మని ఎవురూ పిలవలేదు గూడా. నేనే నా చాప తెచ్చుకోని అమ్మ పక్కన వేసుకున్నాను. మా అవ్వ ముక్కుపొడి వదల్లేదు, ఎంత చెప్పినా బ్రష్షు ముట్టలేదు. ఆమె చిగుర్లు వాపు దాటి ఎప్పుడో లోపలి దాకా చెడిపోయి ఉన్నాయి. ఒకటొకటిగా పండ్లన్నీ ఊడిపోయినాయి. ఆఖర్లో ఆమెకు సంగటి మెత్తగా పిసికి పెట్టింది గూడా మా అమ్మే. నేనైతే పెట్టి ఉండను.

ఇదంతా అయిపోయిన సంగతే అనుకున్నాను శానా ఏండ్లు. అమ్మకు పెద్ద వయసు వచ్చినాక, తిరుపతిలో మా ఇంట్లో ఉన్నప్పుడు, ఒక మధ్యాన్నం ఆమెకు పండ్లు తోమిస్తా ఉంటే ఈ మాటలన్నీ వచ్చినాయి. అప్పుటికి నాయన పోయి కొన్నేండ్లయింది. మాటల్లో మాటగా అడిగినాను. అమ్మా, అంత జరగతా ఉంటే నాయన నీతో చాటుగా అన్నా ఏమీ అనలేదా, భయపడొద్దని గూడా చెప్పలేదా?

అమ్మ నోట్లో నీళ్లు ఊసి, కొంగుతో తుడుచుకోని, ఎవురి సంగతో చెప్పినట్టు చెప్పింది. "అనినాడు. నువ్వు కొట్టంలో నిద్రపోయినాక వచ్చినాడు. పోయేటప్పుడు పిల్లోని బట్టలు ఈడనే వదిలేసిపో, సంచిలో పెట్టుకోవద్దు అనినాడు."

అంతే. ఆ ఒక్క మాట చెప్పేదానికి వచ్చినాడు మంచోడు మా నాయన. ఆ తర్వాత అమ్మ ఆయనకు బతికినన్నాళ్లు వండి పెట్టింది, జొరమొస్తే కాళ్లు పట్టింది. నీకు ఆ మాట ఎట్ల వచ్చిందయ్యా అని ఒక్కనాడు గూడా అడగలేదంట. ఎందుకు అడగలేదమ్మా అంటే, అడిగి ఉంటే ఆయన మళ్లా మంట వైపే చూసి ఉంటాడు బిడ్డా అనింది.

చిగుర్ల వాపు అప్పుడే పోయింది. ఈ వయసులో గూడా నాకు ఒక్క పండు తప్ప అన్నీ గట్టిగా ఉండాయి. పొద్దునా రాత్రీ తోముతాను, మనవళ్లతో తోమిస్తాను, ఎవురి చిగురైనా నెత్తురు కారిందంటే ఆ చోటే తోమమని మెడలు వంచి చెప్తాను. ఆ పని నాకు బరువు కాదు. బరువైంది ఇంకోటి, దాన్ని నేను దించుకోను. మా ఇంటి నడిమింట్లో నాయన ఫొటో ఉండాది. శుక్రవారం శుక్రవారం దానికి పూలు పెట్టేది నేనే. పూలు పెట్టి, చేతులు తుడుచుకోని, ఇంట్లో అందరూ వింటా ఉండంగానే అడుగుతాను. బట్టలు ఈడ వదిలేసిపో అనే నోరు ఉండింది గదా నాయనా నీకు, వీళ్లు ముగ్గురూ నావాళ్లు అని ఒక్క మాట చెప్పే నోరు యాడ పోయింది? మా కోడలు, పోనీలే అత్తా, పోయినోళ్లను ఏమిటికి అడిగేది అంటాది. మా అమ్మ అడగలేదు, అందుకే నేను అడుగుతా ఉండాను.